రాజీ కంటే ముందు

అమ్మాయ్,

నువ్వు మండల సమాఖ్య సోషల్ యాక్షన్ కమిటీలోకి వచ్చావని మీ అమ్మ చెప్పగానే ఎంతో సంబరపడ్డాను. మొన్న నువ్వే ఫోన్ చేసి, "పెద్దమ్మా, మా చేతికొచ్చిన మొదటి కేసే సర్దేశాం. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడాం. ఇక చెయ్యి చేసుకోనని అతను కాగితం రాసిచ్చాడు. ఆమెకు పసుపు కుంకుమ, జాకెట్ గుడ్డ పెట్టి కాపురానికి పంపేశాం" అన్నావు. నీ గొంతులో ఆ పొంగు విని ఆ పూట అడ్డు చెప్పబుద్ధి కాలేదు. అయినా ఫోన్లో తెమిలే సంగతి కాదిది. నిమ్మళంగా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ నిమ్మళంగా చదువుకో.

మీ రిజిస్టర్లో ఎన్ని కాపురాలు కలిపారో రాసే గడి ఒకటి ఉంటుంది. అది నిండేకొద్దీ కమిటీకి మంచి పేరు. మండలంలో సంఘాలను చూసే ఏపీఎం మెచ్చుకుంటారు, స్టేషన్లో ఎస్సై గారు కుర్చీ వేస్తారు, ఊళ్లో పెద్దవాళ్లు "మన ఆడపిల్లలు కాపురాలు నిలబెడుతున్నారు" అంటారు. తల్లీ, ఆ గడిని చూసి నీ పనిని కొలుచుకోకు. మీ దగ్గరికి వచ్చి వెళ్లిన మనిషి నెలకు, ఆర్నెల్లకు, ఏడాదికి ఒంటి మీద దెబ్బ లేకుండా, రాత్రి తలుపు చప్పుడుకు ఉలిక్కిపడకుండా నిద్రపోతోందా? నువ్వు కనుక్కోవాల్సింది అది. ఆ నిద్ర మొగుడి దగ్గర పట్టొచ్చు, పుట్టింట్లో పట్టొచ్చు, నెల్లూరులో ఓ చిన్న అద్దె గదిలో పట్టొచ్చు. ఎక్కడన్నది ఆమె తేల్చుకోవాలి. మీరూ నేనూ కాదు.

నువ్వు కూర్చున్న కుర్చీ ఊరికే రాలేదు. 1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో చదువు ఉద్యమం నడిచింది. పగలంతా పొలంలో నడుం వంచిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా దుకాణం మీదికి ఊరి ఆడవాళ్లు కదిలిన కథ. చదివినవాళ్లు దాన్ని పాఠంగా వదిలేయలేదు. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు నిజంగానే సారాను ఊళ్లోకి రానివ్వకుండా నిలబడ్డారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. ఊరూరా అదే పని మొదలైంది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది, 1995 జనవరిలో మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు, అది వేరే దుఃఖం. కానీ ఆ కూడిక చెదరలేదు. రోజుకో రూపాయి పొదుపు సంఘాలై నిలిచింది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అదే సెర్ప్, వచ్చాక గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు, వాటిలో మీ కమిటీలు వచ్చాయి.

ఇదంతా ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, సారా దుకాణం ముందు కూర్చున్న ఆ ఆడవాళ్లలో ఒకరు ఇంకొకరిని "నువ్వేం చేస్తే కొట్టాడు?" అని అడగలేదు. అందరికీ తెలుసు గనుక. ఏ ఇంట్లో ఏ రాత్రి ఏం జరుగుతుందో తెలిసినవాళ్లే అక్కడ పక్కపక్కన కూర్చున్నారు. ఆ నమ్మకం మీద లేచిన సంఘం, ఈ రోజు అదే ఆడదాన్ని ముందు నిలబెట్టి "నువ్వు కూడా కాస్త నోరు తగ్గించుకోవాలమ్మా" అంటే నా మనసు ఒప్పుకోదు.

ఆ ఉద్యమం మనకొక పాక్షికమైన నమ్మకాన్ని కూడా మిగిల్చింది. తాగుడు మానితే కొట్టుడు మానుతుందని. తాగుడు దెబ్బల్ని పెంచుతుంది, నిజమే. కానీ చుక్క ముట్టనివాళ్లు కొట్టడం నువ్వూ చూసే ఉంటావు, నేనూ చూశాను. తాగినవాడు కూడా మేస్త్రీని కొట్టడు, అప్పిచ్చిన షావుకారును కొట్టడు. ఇంటికొచ్చి తలుపేశాకే చెయ్యి లేస్తుంది. కొట్టినా ఏమీ కాదన్న ధీమా ఎక్కడుంటుందో అక్కడే లేస్తుంది. అందుకని "తాగుడు మాన్పిస్తాం, అంతా సర్దుకుంటుంది" అని ఎవరికీ మాటివ్వకు.

ఇక మన సంగతి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లను ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లినా, ఎదురు మాట్లాడినా, వంట సరిగా చేయకపోయినా, అత్తమామలను లెక్క చేయకపోయినా, ఇలాంటి కారణాల్లో దేనికైనా మొగుడు కొట్టడం సబబేనా అని. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 84 మంది దాకా ఏదో ఒక కారణానికి సబబే అన్నారు. ఆ చెప్పింది మగవాళ్లు కాదమ్మా, ఆడవాళ్లు. మీ కమిటీలో కూర్చునే పదిమందీ ఆ నూరు మందిలోంచి వచ్చినవాళ్లే. వాళ్లను తప్పు పట్టడానికి చెప్పడం లేదు. వాళ్లకు వాళ్ల అమ్మలు అలాగే చెప్పారు, దెబ్బ తిని కూడా వండి పెట్టినవాళ్లనే ఊరు ఉత్తమ ఇల్లాలంది. కానీ కమిటీ చాప మీద కూర్చునే ముందు మీలో మీరు ఈ సంగతి మాట్లాడుకోవాలి. ఏ కారణానికీ ఎవరినీ కొట్టకూడదని మీ పదిమందికీ నిజంగా అనిపించని రోజున, ఇంకొకరి ఇంటి తగవు మీ చేతిలోకి తీసుకోవద్దు.

అదే సర్వేలో, పెళ్లయినవాళ్లలో మొగుడి చేతి హింస అనుభవించామని చెప్పినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30 మంది, తెలంగాణలో 37 మంది. దేశం మొత్తమ్మీద దెబ్బలు తిన్నవాళ్లలో సాయం కోసం ఎవరి దగ్గరికైనా వెళ్లింది నూటికి 14 మందే. వాళ్లలోనూ ఎక్కువమంది వెళ్లింది పుట్టింటివాళ్ల దగ్గరికే. దీన్నిబట్టి ఆలోచించు. ఒక మనిషి మీ సమాఖ్య మెట్లెక్కి వచ్చిందంటే అది మొదటి దెబ్బ కాదు. అమ్మకు చెప్పుకుని, "సర్దుకుపో" అనిపించుకుని, అత్తకు చెప్పుకుని, "నా కొడుకు బంగారం" అనిపించుకుని, ఆఖరికి నీ మొహం చూసి వచ్చింది. నువ్వు కూడా అదే మాటంటే ఆమె ఇంకెక్కడికీ పోదు.

అందుకే వచ్చినామెను పదిమంది ముందు నిలబెట్టి మాట్లాడించకు. పక్క గదిలోకి తీసుకెళ్లు, మంచినీళ్లివ్వు, నువ్వూ ఇంకొకరూ మాత్రం కూర్చోండి. ఆమె చెప్పింది నమ్ముతున్నానని ముందే చెప్పు. ఇన్నేళ్లు ఎందుకు ఓర్చుకున్నావని అడగకు. ఆ ప్రశ్న ఎంత ప్రేమగా అడిగినా నేరం మోపినట్టే వినపడుతుంది. పిల్లలు ఎక్కడున్నారో అడుగు. ఈ రాత్రి ఇంటికి వెళ్లడానికి భయంగా ఉందా అని అడుగు. గొంతు పట్టుకున్నాడా, ఎప్పుడైనా? కత్తో కిరసనాయిలో పెట్రోలో చూపించి బెదిరించాడా? చంపుతానన్నాడా, తానే చస్తానన్నాడా? ఆమె కడుపుతో ఉందా? ఈ మధ్య దెబ్బలు ఎక్కువవుతున్నాయా? వీటిలో దేనికైనా అవునంటే, ముఖ్యంగా గొంతు నులిమాడంటే, పంచాయితీ ఆలోచనే పెట్టుకోకు. అతన్ని పిలిపించకు, కబురు కూడా పెట్టకు. ఆమె తనను వదిలి వెళ్లబోతోందని అతనికి తెలిసిన ఘడియే అన్నిటికన్నా ప్రమాదమైన ఘడియ. మన కబురు అతనికి ఆ సంగతి చెప్పేస్తుంది. అప్పుడు చెయ్యాల్సింది 112కో 181కో ఫోన్. పిల్లలతో సహా ఆమెను అక్కడి నుంచి కదిలించడం. నెల్లూరులో సఖి కేంద్రం ఉంది. 2015 నుంచి దేశంలో జిల్లాకొకటి పెట్టుకుంటూ వచ్చారు వీటిని. అయిదు రోజుల దాకా తలదాచుకోవచ్చు, వైద్యం, పోలీసు, న్యాయ సలహా ఒక్క చోటే దొరుకుతాయి.

మీరు చేసే కౌన్సెలింగ్ మాటకొస్తాను. 2005 గృహ హింస చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. దానితో పాటు వచ్చిన నిబంధనల్లో 14వది కోర్టు నియమించే కౌన్సెలర్ల గురించి. అందులో ఒక గొప్ప మాట రాసి ఉంది. కొట్టినవాడు ఫలానా కారణానికి కొట్టానని సమర్థించుకోవడానికి ఆ కూర్చోబెట్టిన చోట వీల్లేదు. వీల్లేదన్న సంగతి మాటలు మొదలవక ముందే అతనికి చెప్పాలి. ఆమె కోరుకుంటేనే రాజీ ప్రయత్నం. మీ కమిటీని కోర్టు నియమించకపోవచ్చు. కానీ ఈ నియమాన్ని మీ గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి అంటాను. ఎందుకంటే మన పంచాయితీల్లో సగం పొద్దు దీనికే పోతుంది. ఆమె ఫోన్ మాట్లాడింది, అన్నం మాడ్చింది, మా అమ్మను ఏకవచనంతో పిలిచింది. చివరికి తీర్పు ఇద్దరికీ చెరిసగం పంచేస్తాం: నువ్వు కొట్టొద్దు, నువ్వు విసిగించొద్దు. విన్నవాళ్లకు న్యాయంగానే ఉంటుంది. కానీ అతను ఆ గదిలోంచి ఏం నేర్చుకుని వెళ్తాడు? ఆమె విసిగిస్తే కొట్టొచ్చని.

మీరు పంపించిన ఆ పిల్ల దగ్గరికి ఈ వారమే వెళ్లు. అతను పనికి పోయిన వేళ చూసుకో, లేదా నీళ్ల దగ్గరో రేషన్ షాపు దగ్గరో మామూలుగా కలిసినట్టు కలువు. కాగితం రాసిచ్చాక ఏమైందని అడుగు. కాపురానికి వెళ్లాలని తనకే ఉందా, పదిమంది చూస్తున్నారని తలూపిందా అని అడుగు. అంతా బాగుందంటే సంతోషం. వచ్చే నెల మళ్లీ వెళ్లు. బాగా లేదంటే, "అప్పుడు సరేనన్నావుగా" అనే మాట నీ నోట రాకూడదు. తలుపు ఇంకా తెరిచే ఉందని ఆమెకు తెలిస్తే చాలు. ఒకసారి బయటికి వచ్చి, మళ్లీ వెళ్లి, మళ్లీ వచ్చేవాళ్లు ఎంతోమంది. పిల్లల కోసం వెళ్తారు, డబ్బుల్లేక వెళ్తారు, ప్రేమ చావక వెళ్తారు. మూడోసారి వచ్చినప్పుడు కూడా మొదటిసారి వచ్చినట్టే కూర్చోబెట్టు.

చట్టం గురించి నువ్వు లాయరువు కావాల్సిన పని లేదు. కొన్ని సంగతులు మాత్రం నాలుక చివర ఉండాలి. కొట్టడం ఒక్కటే హింస కాదు. బూతులు, అవమానాలు, పడకగదిలో బలవంతం, జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, బంగారం కుదువ పెట్టేయడం, అన్నీ ఆ చట్టంలో హింసే. ఇల్లు అతని పేర ఉన్నా, ఆమెకు అందులో ఉండే హక్కుంది. అత్తమామల పేర ఉన్నా కాపురం చేసిన ఇల్లయితే హక్కు అడగొచ్చని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. "ఇల్లు మా నాన్నది, బయటికి నడువు" అనే మాట ఇక చెల్లదు. కేసు అత్తారి ఊళ్లోనే వెయ్యాలని లేదు. ఆమె తాత్కాలికంగా ఎక్కడ తలదాచుకుంటే అక్కడి మేజిస్ట్రేటు కోర్టులోనే వేసుకోవచ్చు. రక్షణాధికారి దగ్గర చెబితే సంఘటన నివేదిక రాసి కోర్టుకు పంపుతారు. దానికి పోలీసు కేసు ముందుగా ఉండనక్కర్లేదు. మన రాష్ట్రంలో ఆ బాధ్యత మహిళా శిశు సంక్షేమ శాఖది, అంగన్‌వాడీ టీచరమ్మను అడిగితే దారి చూపిస్తుంది. కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చాక అతను దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లాయరు ఫీజు గురించి దిగులొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కు ఫోన్ చేస్తే చాలు. పక్కింటివాళ్లు భయపడుతుంటే ఇది చెప్పు: మంచి మనసుతో రక్షణాధికారికి సమాచారమిచ్చినవాళ్ల మీద కేసు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు.

దెబ్బలతో వస్తే ఆస్పత్రికి నువ్వే తోడు వెళ్లు. కాలు జారి పడ్డానని చెప్పడం మన ఆడవాళ్లకు నోటికి అలవాటైపోయింది. ఎవరు కొట్టారో, దేంతో కొట్టారో డాక్టరుతో చెప్పించి, ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ నివేదిక, రాయించు. ఆ చీటీలు, ఆధారు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పెళ్లి ఫొటోలు, శుభలేఖ, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, వీటి నకళ్లు ఒక సంచిలో పెట్టి నమ్మకమైన మనిషి ఇంట్లో దాచమని ఆమెకు చెప్పు. ఆమె ఇంకా ఏమీ తేల్చుకోకపోయినా సరే. చట్టం ప్రకారం కేసు మొదటి వాయిదా మూడు రోజుల్లో పడాలి, అరవై రోజుల్లో తేలాలి. తేలదమ్మా, నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఆ నెలల్లోనే మన అవసరం. మొదటి వాయిదాకు ఆటో నిండా ఆడవాళ్లు వెళ్తారు, ఆరో వాయిదాకు ఆమె ఒక్కతే బస్సెక్కుతుంది. అవతలి నుంచి అన్నదమ్ములు, మేనమామలు పదిమంది దిగుతారు. కోర్టు వరండాలో ఆమె పక్కన కూర్చోవడానికి ఒక్క మనిషి ఉందా లేదా అన్నదాని మీద ఎన్నో కేసులు నిలిచాయి, వీగిపోయాయి. వంతులు వేసుకోండి, దారి ఖర్చు సమాఖ్య నిధిలోంచి ఇప్పించండి.

అన్నిటికన్నా ఎక్కువగా నీతో చెప్పాలనుకున్నది అప్పు సంగతి. దీన్ని ఎవరూ పెద్దగా మాట్లాడరు. సంఘంలో ఆమె పేర బ్యాంకు లింకేజీ అప్పో, స్త్రీనిధి అప్పో ఉంటుంది. గేదెకనో కుట్టు మిషనుకనో తీసుకుంటుంది. డబ్బు మాత్రం అతను బైకు మీద పెడతాడు. ఓర్చుకోలేక ఒక రోజు ఆమె పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతుంది. తర్వాతి నెల కిస్తీ రోజున సంఘం సభ్యులు ఎవరి గుమ్మం ముందు నిలబడతారు? ఆమె పుట్టింటి గుమ్మం ముందు. "నువ్వు కట్టకపోతే మా అందరి లోను ఆగిపోతుంది" అంటారు. అందులో వాళ్ల తప్పూ లేదు, ఒకరి బాకీకి అందరూ పూచీ కదా. కానీ అతను అదే బైకు మీద ఊళ్లో తిరుగుతుంటాడు, అతన్ని ఎవరూ అడగరు. ఆఖరికి ఆ కిస్తీ భయానికే ఆమె వెనక్కి వెళ్తుంది. మనం కట్టిన సంఘమే ఆమెను దెబ్బల్లోకి తోసినట్టవుతుంది.

దీనికి మీ గ్రామ సంఘంలో ముందే తీర్మానం చేయించు, కేసు వచ్చాక కాదు. హింస వల్ల ఇల్లు విడిచిన సభ్యురాలి కిస్తీని మూడు నాలుగు నెలలు సంఘం నిధి భరిస్తుందని, ఆ తర్వాత ఆమె నిలదొక్కుకునేదాన్ని బట్టి చిన్న కిస్తీలుగా మార్చుకుంటుందని. ఆమె పొదుపు డబ్బును ఆమె సంతకం లేకుండా బాకీకి జమ వేయరాదని కూడా రాయించు. కోర్టులో డబ్బు సాయం అడిగే అర్జీలో ఈ అప్పును కూడా చూపించమని లాయరుకు గుర్తు చెయ్యి. ఆమె వేరే ఊరికి పోతే అక్కడి సంఘంలో, నెల్లూరుకు పోతే పట్టణాల్లో మెప్మా నడిపే సంఘంలో చేర్పించు. పొదుపు తెగిపోతే మనిషితో కూడా తెగిపోతుంది. ఇంకో చిన్న పని, దీన్ని మరవకు. ఆమె బ్యాంకు ఖాతాకూ ఆధారుకూ ఎవరి ఫోన్ నంబరు ఇచ్చారో చూడు. చాలా ఇళ్లలో అతనిదే ఉంటుంది. ఆమె వంద రూపాయలు తీసినా అతని ఫోన్ మోగుతుంది, ఏ ఊళ్లో తీసిందో కూడా తెలిసిపోతుంది. ముందు ఆ నంబరు మార్పించు.

బయటికి వచ్చాక మొదటి ఏడాది కష్టమైన ఏడాది. ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని ప్రభుత్వ బడికి మార్చాలంటే టీసీ కోసం ఆగక్కర్లేదు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టానికి విరుద్ధమని హెడ్మాస్టరు గారికి మర్యాదగా చెప్పు. ఆరో తరగతికి వచ్చిన ఆడపిల్లయితే కస్తూర్బా బడిలో హాస్టలుతో సహా చూడొచ్చు. ఒంటరి మహిళల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు అయింది. వయసూ, విడిగా ఉంటున్న కాలమూ చూసి ఇస్తారు, అర్హత ఉంటే అర్జీ పెట్టించు. కుట్టు మిషను ఇప్పించి చేతులు దులుపుకోవద్దు. ఆమెకు ఏ పని వచ్చో, ఏ పని చేయాలని ఉందో అడుగు. ఇంటర్ దాకా చదివిన పిల్లకు కూడా మనం కుట్టు మిషనే చూపిస్తాం, అదేం అలవాటో.

ఊరి నోరు ఒకటుంది గదా. "మొగుణ్ణి వదిలేసి వచ్చింది" అంటుంది. దాన్ని ఉపన్యాసంతో ఆపలేవు. శ్రావణ శుక్రవారం పేరంటానికి ఆమెను ముందు పిలువు. మీ ఇంట్లో గృహప్రవేశమైతే పాలు పొంగించే చోట ఆమెను నీ పక్కన నిలబెట్టుకో. సమాఖ్య కమిటీలో ఉన్న నువ్వు పిలిస్తే నలుగురు పిలుస్తారు. ఆమె మళ్లీ నవ్వుతూ కనిపిస్తే "పాపం" అనొద్దు, నవ్వనివ్వండి.

మార్చి 8న సభ పెడతారు. అధికారులొస్తారు. "మీరు సాయం చేసిన ఆమెను మాట్లాడించండి" అంటారు. ఆమె మొహమాటానికి సరేనంటుంది, మైకు ముందు ఏడుస్తుంది, ఫొటోలు తీస్తారు, మర్నాడు ఆమె పిల్లాణ్ణి బడిలో తోటివాళ్లు అడుగుతారు. అలా చేయనివ్వకు. ఆమె బతుకు మీ నివేదికకు సామగ్రి కాదు. రిజిస్టరు కూడా తాళం వేసి పెట్టు. వాట్సాప్ గ్రూపులో పేరు గానీ ఫొటో గానీ పడకూడదు. రెండు మూడేళ్లు గడిచి, ఆమె నిలదొక్కుకుని, తనంతట తానే "అక్కా, నేనూ కమిటీలోకి వస్తా" అంటే, అప్పుడు రెండు చేతులా తీసుకో. అలా వచ్చినవాళ్ల పక్కన కూర్చుని పనిచేశాను నేను. గదిలోకి వచ్చిన మనిషి నోరు విప్పకముందే సంగతి గ్రహించేస్తారు.

మీ చేతికి అందనివాళ్లూ ఉన్నారు. ఏ సంఘంలోనూ లేనివాళ్లు, కాలనీ నుంచి ఊళ్లోకి వచ్చి చెప్పుకోవడానికి సందేహించేవాళ్లు, కొట్టేవాడు మీ కమిటీ సభ్యురాలి తమ్ముడో బావో అయినవాళ్లు. ఆ చివరిదాంట్లో ఆ సభ్యురాలు గదిలోంచి లేచి వెళ్లిపోవాలి, మొహమాటం పనికిరాదు. అమెరికా అల్లుళ్ల కథలూ మీ దాకా వస్తాయి, రాకుండా ఉండవు. తల్లి వచ్చి "అమ్మాయి ఫోన్లో ఏడుస్తోంది, వీసా పోతుందని భయపడుతోంది" అంటుంది. హెచ్1బీ భర్త మీద ఆధారపడి హెచ్4 వీసాతో ఉన్నవాళ్లు హింసకు గురైతే సొంతంగా పని అనుమతికి అర్జీ పెట్టుకునే వీలు అక్కడి చట్టంలో ఉంది. దక్షిణాసియా ఆడవాళ్ల కోసమే 1985లో న్యూజెర్సీలో పుట్టిన మానవి లాంటి సంస్థలున్నాయి. ఆ తల్లికి చెప్పాల్సిన మొదటి మాట అది కూడా కాదు: "పరువు సంగతి తర్వాత, ఇంటికి వచ్చేస్తానంటే రమ్మని నీ నోటితో చెప్పు" అని.

ఇక నీ సంగతి. ఎవరింటికీ ఒక్కదానివే వెళ్లకు, వెళ్లే ముందు ఎక్కడికో ఇంకొకరికి చెప్పి వెళ్లు. "మా ఇంటి విషయంలో నీకేం పని" అని బెదిరిస్తే వాదించకు, తేదీతో సహా రాసి పెట్టుకుని స్టేషన్లో చెప్పు. ఆమెను మీ ఇంట్లోనే ఉంచుకోవాలని నీకు అనిపిస్తుంది, నీ మనసు నాకు తెలుసు. ఉంచకు, అతను మొదట వెతికేది అక్కడే, నీ పిల్లలూ ఉన్నారు ఇంట్లో. అత్తగారు విసుక్కుంటోందన్నావు, రాత్రిపూట ఫోన్లొస్తున్నాయని. కమిటీలో వారానికొకరు ఫోన్ ఎత్తేలా పంచుకోండి. మిగిలిన ఆరాటాలన్నీ ఎలా ఉన్నా, నెల్లూరు కోర్టులో ఎవరికైనా వాయిదా పడి తోడు వెళ్లే మనిషి దొరక్కపోతే ముందు రోజు నాకు కబురు చెయ్యి. నాకు ఇంటి నుంచి నడిచే దూరమే, పది గంటలకల్లా వరండాలో ఉంటాను.

మీ పెద్దమ్మ